నాలుగు మైక్రోగ్రాములు

గాజుపాత్రను ఇప్పటికి ఆరుసార్లు మరిగించాను.
వేలిముద్ర తగిలితే చాలు,
కొలత అబద్ధమాడుతుంది.
ఫారీద్ సాలీ రిటైరయ్యే ముందు ఊదిన ఆఖరి పాత్ర ఇది,
మెడ దగ్గర ఆయన ఊపిరి కాస్త వంకరపోయింది.
ఆ వంకరంటే నాకిష్టం.

కేప్‌టౌన్‌లో రాత్రి పదకొండు.
బయట ఆగ్నేయపు గాలి కొండను తోముతోంది.
లోపల ఆర్గాన్ బుడగలు
ఆమ్లంలోని ప్రాణవాయువును నెమ్మదిగా సాగనంపుతున్నాయి.
కడ్డీ కొసన మినపగింజంత నల్లటి చుక్క.
అందులో నాలుగు మైక్రోగ్రాముల ప్లాటినం.
తుమ్మితే పోతుంది.

మ్జుకిసి మామా,
నువ్వు టన్ను రాయి పగలగొడితే నాలుగు గ్రాములు.
ఆ లెక్క నువ్వే చెప్పావు,
లుసికిసికిలో, డిసెంబరు సెలవుల్లో,
చొక్కా విప్పి వీపు చూపించినట్టు
మామూలుగా.

ఆ ఏడాదే పాడైపోయిన దీపం బ్యాటరీ ఒకటి ఇంటికి తెచ్చావు.
నడుముకి కట్టుకునే నల్లటి డబ్బా.
ఆమ్లం కారి నీ ప్యాంటుకి తుంటి దగ్గర చిల్లి పడితే
అత్త పువ్వుల గుడ్డతో మాసిక వేసింది,
నువ్వు సిగ్గుపడకుండా తొడుక్కున్నావు.
ఇందులో ఏముంటుందని అడిగాను.
"భూమిలోకి మేం మోసుకెళ్ళే పగలు" అన్నావు.
స్క్రూడ్రైవర్ దొరకలేదు కాబట్టి
ఆ మాట చాన్నాళ్ళు నమ్మాను.

ఇప్పుడు నా కోటు చేతికీ ఒక చిల్లి ఉంది.

కోబాల్టు గుండె మీద ప్లాటినం తోలు,
రెండు మూడు అణువుల మందం, అంతే.
పోయిన నెల అది పనిచేసింది.
ఆక్సిజన్ వచ్చి వాలింది, నీరై లేచిపోయింది,
తెర మీద గీత నేను ఊహించిన చోటుకన్నా పైకెళ్ళింది.
ప్రొఫెసర్ మాల్హెర్బ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"మళ్ళీ చెయ్యి" అంది.
ఆవిడ దగ్గర అది మెచ్చుకోలు.

ఆ రాత్రే నీకు ఫోన్ చేశాను.
బస్సుకి ఐదో వంతు ప్లాటినం చాలు మామా, అన్నాను.
అవతల ఎవరో టీవీ చూస్తున్నారు.
"మరి మిగతా నాలుగు వంతుల్లో
నేనున్నానా?" అన్నావు.

చవకైతే వాడకం పెరుగుతుంది,
వాడకం పెరిగితే గనికి పని ఉంటుంది.
గ్రాంటు దరఖాస్తులో ఆ వాక్యం రాసింది నేనే.
నీతో అనబోతే నోరు రాలేదు.
వానల సంగతి అడిగాను.

తట్టుకుంటుందో లేదో చూడాలి కదా.
ముప్ఫై వేల చక్రాలు, ఐదున్నర రోజులు,
వోల్టేజీ ఎక్కడం, దిగడం.
నాలుగో రోజు, ఇరవై ఒక్క వేల నాలుగువందల పన్నెండో చక్రంలో
కరెంటు పోయింది.
ముందుగా చెప్పిన కోత కాదు.
ఫ్రిజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి.
లాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది
(దానికి బ్యాటరీ ఉంది),
తెర మీద గీత బల్లపరుపుగా, సమాధానం లేని ముఖంలా.
సిలిండర్‌కి కరెంటుతో పనిలేదు,
చీకట్లో బుడగలు అలాగే వస్తున్నాయి.
కూర్చుని వాటిని విన్నాను.
ఏడవలేదు.
యూనివర్సిటీ జనరేటర్‌ని మాత్రం
మన భాషలో, అమ్మ వినకూడని మాట ఒకటి అన్నాను.

అది జరిగి వారం.
ఇవాళ మళ్ళీ.
ఏడోసారి మరిగించి, కొత్త చుక్క వేసి,
అది ఆరేదాకా ఊపిరి బిగబట్టాను.

ఈ వేళకి నువ్వు రాత్రి షిఫ్టు బోనులో దిగుతుంటావు,
చెవులు మూసుకుపోతుంటాయి,
పక్కవాడి భుజం నీ భుజానికి ఆనుతుంటుంది.
ఈ నాలుగు మైక్రోగ్రాములు ఎవరు తవ్వారో
సీసా మీద లేదు.
కొలిమీ, ఆమ్లాలూ, కస్టమ్స్ కాగితాలూ
అన్నీ కడిగేశాయి.

మొదటి చక్రం.
గీత లేచి, వంగి, తన చోటుకు తిరిగొచ్చింది.
ఎక్కడా మచ్చ లేదు,
ఎవరి వేలిముద్రా తగల్లేదు.
అదే, ఈ రాత్రి,
నాకు ఎందుకో నచ్చడం లేదు.